గుంతలో పలుగు

ఫిడ్లర్స్ బార్ అనే ఊరి వీధుల్లో అల్మైరా టట్‌హిల్ ఎదురైతే ముసలివాళ్ళు పక్క సందులోకి జారుకునేవారు. ఆవిడ చేతిసంచిలో ఎప్పుడూ ఒక లావుపాటి పుస్తకం, సిరాబుడ్డి, కలం ఉండేవి. చిక్కితే సంతకం పెట్టించుకోనిదే వదిలే మనిషి కాదు. పేరేమిటి, ఏ ఊరి నుంచి వచ్చావు, ఓడ మీద వచ్చావా బండి మీద వచ్చావా, ఏ నెలలో ఈ కొండల్లో కాలు పెట్టావు, అన్నీ రాసుకుని కింద సంతకం. బంగారం మాట చెవిన పడగానే పెళ్ళాన్నీ పొలాన్నీ వదిలేసి పరిగెత్తుకొచ్చిన తరం అది. వచ్చిన ఏడాది 1849ని బట్టి ఊళ్ళో వాళ్ళను నలభైతొమ్మిదోళ్ళు అనేవారు. యాభై ఏళ్ళు గడిచేసరికి నదిలో బంగారం అయిపోయింది, వాళ్ళూ అయిపోవచ్చారు. మిగిలినవి మోకాళ్ళ నొప్పులూ, కోతలూను.

అల్మైరా తండ్రి కూడా నలభైతొమ్మిదోడే. పుస్తకంలో మొదటి సంతకం ఆయనదే. మంచంలో దిండుకు ఆనుకుని పెట్టాడు. పెట్టి, ఆ కలాన్ని కూతురి చేతిలోనే వదిలేశాడు. నల్లటి కర్ర కలం, పాళీకి మాత్రం ఆయన తవ్వి తీసిన బంగారపు పూత. జన్మంతా తవ్వితే పాళీకి సరిపడా దొరికిందన్నమాట. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే అదే గానీ, ఆ ఎలుకంటే అల్మైరాకు ప్రాణం.

తండ్రి పోయాక ఇల్లు పెద్దదైపోయింది. బడివాళ్ళు చిన్న వయసు పంతులమ్మను తెచ్చుకుని, అన్నేళ్ళు పాఠాలు చెప్పిన ఈవిడకు పూలగుత్తి ఇచ్చి పంపేశారు. పెళ్ళి ఎందుకు కాలేదో ఊరు రకరకాలుగా చెప్పుకునేది; అందులో ఒక్కటీ నిజం కాదు. భోజనాల బల్లకు రెండు కుర్చీలు. ఒకదాంట్లో తను, రెండోదాంట్లో పుస్తకం. చరిత్ర కోసం తిరుగుతున్నానని అందరితో అనేది. నిజానికి ఒకరి గుమ్మం తొక్కడానికి ఆవిడకు ఇంకో సాకు లేదు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు.

ఆ సెప్టెంబరుకు రాష్ట్రం ఏర్పడి యాభై ఏళ్ళు నిండుతాయి. పాతకాపుల సంఘం కార్యదర్శి హొరేస్ డెల్లింగర్ ఆ పండుగకు పుస్తకాన్ని కోర్టు హాల్లో అద్దాల పెట్టెలో పెట్టిస్తానన్నాడు.

"ఒక్క మాట అల్మైరా గారూ. మన జిల్లాలో బతికున్న నలభైతొమ్మిదోళ్ళలో ఒక్కడు తప్పినా పెట్టను. పక్క జిల్లావాళ్ళు పళ్ళికిలిస్తారు" అన్నాడు.

తప్పినవాడు ఒక్కడే. స్లేట్ గల్చ్ లోయ పైన, కొండ మీద, మనుషులకు దూరంగా పడి ఉండే ఓబెద్ ట్రస్క్. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఆయన సంతకం దొరక్కపోతే అన్నేళ్ళ తిరుగుడు బూడిదలో పోసినట్టే. వేసవి మొదట్లో ఒక ఆదివారం, ప్రార్థన కాగానే, అల్మైరా ఆప్రికాట్ పండ్లు పెట్టి కాల్చిన 'పై' రొట్టె ఒకటి గుడ్డలో చుట్టుకుని ఎర్రమట్టి దారిన కొండెక్కింది.

గుడిసె తలుపు తెరిచే ఉంది. లోపల్నుంచి గొంతు వినిపించింది. "ఎవరది?"

"నేను, టట్‌హిల్ గారి అమ్మాయిని. బడి పంతులమ్మని."

"నా పిల్లలెవరూ నీ బళ్ళో చదవలేదే!"

"మీకు పిల్లలు లేరుగా, ట్రస్క్ గారూ."

"అందుకే చదవలేదు." ముసలాయన బయటికొచ్చాడు. ఎండిన మొద్దులా ఉన్నాడు, కళ్ళు మాత్రం కుర్రవాడివి. "ఆ గుడ్డలో ఏంటి?"

"పై."

"మరి బయటే నిలబడ్డావేం? లోపలికి రా."

రెండు ముక్కలు తిన్నాక పుస్తకం తీసింది. ఆయన పేజీలన్నీ తిప్పి చూశాడు. ఒక్కో సంతకం దగ్గరా ఆగి వేలితో తడిమాడు.

"అందరూ పెట్టారే. వీళ్ళలో ఇప్పుడు ఉన్నవాళ్ళెంతమంది?"

అల్మైరా పుస్తకం వైపు చూసింది. పెట్టినవాళ్ళలో సగానికి పైగా స్మశానంలోనే ఉన్నారు.

"చూశావా! నీ కలం శకునం మంచిది కాదు పంతులమ్మా. మా రోజుల్లో మనిషి సంతకం పెట్టాడంటే బంగారం తవ్వుకునే గుంత అమ్ముకున్నాడనీ, ఊరెళ్ళిపోతున్నాడనీ అర్థం. నేను అమ్ముకోలేదు, ఎక్కడికీ పోవట్లేదు. సర్లే, వచ్చే ఆదివారం చూద్దాం. కాఫీ తాగుతావా?"

వచ్చే ఆదివారం కూడా చూద్దామనే అన్నాడు. ఆ పై ఆదివారమూ అంతే. ఒకసారి చెయ్యి వణుకుతోందన్నాడు, ఒకసారి సిరా పలచగా ఉందన్నాడు. ఒకసారైతే తన పేరులో అక్షరాలు సరిగ్గా గుర్తులేవన్నాడు. పంతులమ్మ ముందు ఆ మాట అనడానికి కాస్తయినా సిగ్గుపడలేదు. అల్మైరా కోపం నటించేది. కొండ దిగేటప్పుడు మాత్రం వచ్చేవారం ఏ పండుతో పై చెయ్యాలా అని ఆలోచించుకుంటూ దిగేది. శనివారం రాత్రి పిండి కలుపుతూ ఒక్కతే కూనిరాగం తీయడం మొదలుపెట్టింది. బడి మానేశాక ఆ ఇంట్లో పాట వినపడటం అదే మొదలు.

గుడిసె వెనకాల, ఎండిపోయిన వాగు పక్కన, నడుం లోతు గుంత ఒకటి ఉంది, నాలుగు మూలలా నాలుగు హద్దురాళ్ళతో. దాని మధ్యలో ఒక పలుగు నిలువుగా దిగేసి ఉంది. తుప్పు పట్టి మట్టి రంగులో కలిసిపోయింది. పలుగు చుట్టూ మట్టి మాత్రం తాజాగా తవ్వినట్టుంది. మూడోసారి వెళ్ళినప్పుడు అల్మైరా అడిగింది. "ఎవరిదండీ అది?"

"లీవైది. నా జతగాడు. మెయిన్ రాష్ట్రం నుంచి ఒకే ఓడలో వచ్చాం, ఒకే కుండలో తిన్నాం. యాభైరెండులో శాక్రమెంటో వెళ్ళి ఉత్తరాలు తెస్తానని బయల్దేరాడు. పలుగు గుంతలోనే పెట్టి వెళ్ళాడు."

"ఆ తర్వాత?"

"తర్వాతేముంది. ఇంకా రాలేదు."

ఆయన 'రాలేదు' అనలేదు, 'ఇంకా రాలేదు' అన్నాడు. బడిలో అన్నేళ్ళు వ్యాకరణం చెప్పిన మనిషికి ఆ తేడా వినిపించింది.

"మన కొండ కట్టుబాటు తెలుసుగా" అన్నాడు ఆయన. "పనిముట్టు గుంతలో ఉన్నంతకాలం గుంత వాడిదే. ఎవ్వడూ ముట్టుకోకూడదు. కాకపోతే పది రోజులకోసారి గుంతలో దెబ్బ పడాలి. వాడి బదులు నేను వేస్తున్నా. పలుగు కదలకుండా చుట్టూ తవ్వుతా."

"నలభై ఎనిమిదేళ్ళుగానా?"

"పనిముట్టు పెట్టి వెళ్ళినవాడు తిరిగొస్తాడమ్మా. రానివాడైతే ఎందుకు పెడతాడు?"

కట్టుబాటు అల్మైరాకు తెలియకేం. పాత గనివాళ్ళ కట్టుబాట్లన్నీ పుస్తకం మొదటి పేజీల్లో తన ముత్యాల్లాంటి అక్షరాలతో ఎత్తి రాసింది కూడాను. సంఘం సమావేశాల్లో గొంతు సవరించుకుని చదివితే డెల్లింగర్ చప్పట్లు కొట్టేవాడు. 'పనిముట్టు పైకి తీసినచో గుంతను వదులుకున్నట్లే.' రాసింది, చదివింది. పెరట్లో ఒక మనిషి దాన్ని నమ్ముకుని బతుకుతున్నాడని మాత్రం అంతకుముందు అనుకోలేదు.

ఆగస్టు నెల. కొండ మీద మంజనీటా పొదల ఆకులు కూడా ఎండకు ముడుచుకుపోయిన రోజు. ట్రస్క్ తనంతట తనే పుస్తకం జరుపుకున్నాడు.

"తే, ఇవాళ పెట్టేస్తా. నువ్వు ఈ కొండ ఎక్కి ఎక్కి సగమైపోయావ్."

అల్మైరా సిరాబుడ్డి మూత తీసింది, కలం ముంచింది. ఆ క్షణంలో ఆనందం కలగాలి. కలగలేదు. సంతకం అయిపోతే రేపటి నుంచి ఈ కొండకు ఏ పని మీద రావాలి? కలం బల్ల మీద పెట్టేసింది.

"ముందు కాఫీ తాగుదామండీ" అంది.

ముసలాయన ఆవిడ మొహంలోకి చూసి పొయ్యి మీద నీళ్ళు పెట్టాడు. కాఫీ అయ్యేసరికి పడమట ఉరిమింది. కొండల్లో వేసవి వాన చెప్పి రాదు. అల్మైరా గబగబా పుస్తకం సంచిలో కుక్కుకుని, ఖాళీ పేజీ ఒకటి మాత్రం చింపి బల్ల మీద ఉంచింది.

"మీకు వీలైనప్పుడు దీని మీద పెట్టి ఉంచండి, తర్వాత అతికించుకుంటా!" అని అరుస్తూ దిగిపోయింది. సగం దారిలో ఎర్రమట్టి జారింది, కాలు మడతపడింది. ఇల్లు చేరి కట్టు కట్టుకున్నాక చూసుకుంటే సంచిలో కలం లేదు.

మరుసటి ఆదివారం వెళ్ళలేకపోయింది. ఆ తర్వాతి ఆదివారమూ చీలమండ గుమ్మడికాయలా ఉంది. కిటికీ దగ్గర కూర్చుని కొండ వైపు చూసేది. ఎవరితోనైనా ఒక కబురు పంపుతాడేమోనని ఎదురుచూసింది. ఎలా ఉన్నావని ఒక్క మాట. రాలేదు. ఆయనకు కాలు సంగతి తెలియదని, తెలిసే దారి కూడా లేదని తనకు తోచలేదు. ఒంటరిగా కూర్చున్న మనసు తర్కం వినదు, తప్పులు ఎంచుతుంది.

కొట్టువాడి భార్య సూప్ తెచ్చిచ్చి నిప్పు కూడా రాజేసి పోయింది. "కలం అక్కడ మరిచిపోయావా? ఇంకేం! ట్రస్క్ గుడిసెలోకి పోయింది బయటికి రాదు తల్లీ. మా ఆయన ఎప్పుడో సుత్తి పెట్టి వచ్చాడు, ఏళ్ళ తరబడి ఇవ్వలేదు. అడిగితే 'నువ్వే పెట్టావుగా' అన్నాట్ట! బంగారం పాళీ ఇస్తాడా?"

మర్నాడు డెల్లింగర్ వచ్చాడు. పండుగ ముంచుకొచ్చింది, బైండింగు చేసేవాడు తొందరపెడుతున్నాడు, సంతకం ఉందా లేదా తేల్చమన్నాడు. అల్మైరాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నాన్న కలం పోయింది. వేసవంతా పై చేసి మోసుకెళ్తే ఆ మనిషికి తను ఒక పై పళ్ళెం మాత్రమే. చీటీ రాసింది: 'ట్రస్క్ గారికి. నా కలం ఈ చీటీ తెచ్చినవారికి ఇచ్చేయగలరు. పేజీ మీద సంతకం పెట్టి ఉంటే అదీ ఇవ్వగలరు. అల్మైరా టట్‌హిల్.' కానిస్టేబుల్ మైలో ప్యాచిన్‌ను పిలిచి చేతిలో పెట్టింది. మైలో తన దగ్గర ఎక్కాలు రాక గోడకుర్చీ వేసినవాడే.

సాయంత్రానికల్లా మైలో గుర్రం దిగాడు, నవ్వుకుంటూ.

"ఇదిగో టీచరమ్మగారూ కలం. ఇదిగో సంతకం. అడగ్గానే పెట్టేశాడు! దీనికి మీరు ఎండాకాలమంతా ఎందుకు తిరిగారో."

ఓబెద్ ట్రస్క్. అక్షరాలు పెద్దపెద్దవి, ఒక్కటీ తప్పు లేదు. అల్మైరా గుండె తేలికపడింది. పుస్తకం పూర్తయింది. నాన్న కలం చేతికొచ్చింది. మైలోకు బిస్కట్లు పెట్టి మాటవరసకు అడిగింది. "దాచుకున్నాడా కలం?"

"దాచుకోవడమా! మతి చలించినట్టుందండీ పాపం. రేకుడబ్బాలో ఇసక పోసి, కలాన్ని అందులో నిలువుగా గుచ్చి కిటికీలో పెట్టాడు. చుట్టూ నాలుగు మూలలా నాలుగు గులకరాళ్ళు. దుమ్ము కూడా లేదు, తుడుస్తున్నట్టున్నాడు."

అల్మైరా చేతిలో పళ్ళెం ఆగిపోయింది.

"ఏమన్నాడు?"

"పంతులమ్మ కలం తెమ్మంది అన్నాను. 'తనే తెమ్మందా?' అన్నాడు. చీటీ చూపించాను. చదువుకుని, 'అయితే పైకి తీసేసుకుందన్నమాట. సరే, తియ్యి' అన్నాడు. నేను తీస్తుంటే అటు తిరిగి కూర్చున్నాడు. తర్వాత ఆ నాలుగు రాళ్ళూ ఏరి బయట పారేశాడు." మైలో బిస్కట్ నములుతూ నవ్వాడు. "ఒక్క మంచిమాటేంటంటే, రేపు బండి తెమ్మన్నాడు. దిక్కులేని ముసలాళ్ళను చూసుకునే ధర్మాసుపత్రికి వచ్చేస్తాట్ట. ఎన్నేళ్ళనుంచి మొత్తుకుంటున్నాం మేము!"

మైలో వెళ్ళాక అల్మైరా పుస్తకం తెరిచింది. తెరవక్కర్లేదు, నోటికి వచ్చు. అయినా తన అక్షరాలు తనే చూసుకుంది. 'పనిముట్టు పైకి తీసినచో గుంతను వదులుకున్నట్లే.' ఎంత అందంగా రాసిందో! తల బల్ల మీద పెట్టుకుని ఏడ్చింది.

తెల్లారగానే చేతికర్ర పట్టుకుని కుంటుకుంటూ కొండెక్కింది. గుడిసె ముందు ట్రస్క్ దుప్పటి మూట మీద కూర్చుని ఉన్నాడు. గోడకు ఒక పలుగు చేరవేసి ఉంది. దాని కింది సగం తడి ఎర్రమట్టి. అల్మైరా చూపు వెనకాల గుంత వైపు పోయింది. మధ్యలో ఒక కన్నం మాత్రం ఉంది.

"కాలు బెణికిందటగా" అన్నాడు ట్రస్క్. పరాయి మనిషితో మాట్లాడినంత మర్యాదగా అన్నాడు. అది ఆవిడకు తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

"అందుకే రాలేకపోయానండీ."

"రాకపోతే ఏం? మనిషి ఎప్పుడొచ్చినా ఫరవాలేదు. పనిముట్టు ఉందిగా అనుకున్నా."

"ట్రస్క్ గారూ, నాకు తెలియలేదు. కలం నేను పెట్టి వెళ్ళలేదు. వానొస్తోందని తొందరలో మరిచిపోయాను. అంతే. మీరు ఇలా అనుకుంటారని..."

అంటూ అంటూనే ఆవిడకు అర్థమైంది, అనకూడని మాట అనేశానని.

ముసలాయన ఆవిడ వైపు కళ్ళార్పకుండా చూశాడు.

"మరిచిపోయావా?" అన్నాడు. ఆ తర్వాత చిన్నగా నవ్వాడు. "చూడు మరి. నలభై ఎనిమిదేళ్ళలో నాకు ఆ ముక్క తట్టనేలేదు. లీవై కూడా మరిచిపోయి ఉంటాడు. పెట్టి వెళ్ళాడనుకున్నా."

అల్మైరా చేతికర్ర గోడకు ఆనించింది. సంచిలోంచి కలం తీసింది. రేకుడబ్బా గుమ్మం పక్కనే పడి ఉంది, ఇసుక ఇంకా అందులోనే ఉంది. వంగి గుచ్చబోయింది. ట్రస్క్ తన అరచెయ్యి డబ్బా మీద మూతలా పెట్టాడు.

"వద్దమ్మా. ఈ వయసులో ఇంకో గుంతకి కాపలా కాయలేను."

బండి వచ్చింది. మైలో ఆయన్ని ఎక్కించి, మూట విసిరి, టీచరమ్మగారిని కూడా ఎక్కమన్నాడు. ఆవిడ తర్వాత వస్తానంది. చక్రాల చప్పుడు వినపడనంత దూరం పోయాక కూడా ఆ గుమ్మంలోనే కూర్చుంది.

పండుగ ఘనంగా జరిగింది. బ్యాండు మోగింది, జెండాలు కట్టారు, డెల్లింగర్ ఉపన్యాసం గంటసేపు సాగింది. కోర్టు హాల్లో అద్దాల పెట్టెలో పుస్తకం పెట్టి చివరి పేజీ తెరిచి ఉంచారు. 'ఇంత ఓపిక ఇంకెవరికుంది!' అని ఆడవాళ్ళు అల్మైరా చెయ్యి పట్టుకుని ఊపారు. ఇంటికొచ్చి దీపం వెలిగిస్తే రెండో కుర్చీ ఖాళీగా ఉంది. అన్నేళ్ళు కాపాడుకున్న పుస్తకం ఇప్పుడు ఊరిది, ఇక ఆవిడకు ఏ గుమ్మం ఎక్కడానికీ సాకు లేదు.

ఆదివారం అలవాటు కొద్దీ పై చేసింది. చేశాక ఎవరికో తెలియలేదు. ధర్మాసుపత్రికి వెళ్ళింది. పొడవాటి గది, వరసగా మంచాలు, గోడలకు సున్నం వాసన. ట్రస్క్ చివరి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పలకరిస్తే 'ఊ' అన్నాడు. పై పళ్ళెం పక్కన పెట్టి కాసేపు కూర్చుని వచ్చేసింది. తర్వాతి వారం పళ్ళెం ఖాళీగా ఉంది గానీ మనిషి గోడ వైపే ఉన్నాడు. ఆ పై వారమూ అంతే. తిట్టినా బాగుండును అనుకుంది.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఉండలేక కొండెక్కింది. గుడిసెలో అప్పటికే ఎలుకలు సంసారం పెట్టాయి. పలుగు గోడకు చేరవేసినట్టే ఉంది. ఎత్తి చూస్తే అనుకున్నదానికన్నా బరువు. ఈడ్చుకుంటూ గుంత దాకా తీసుకెళ్ళి, లోపలికి దిగి, ఆ పాత కన్నంలోనే నిలబెట్టి, రెండు చేతులా పట్టుకుని దిగేసింది. మోచేతులు దోక్కుపోయాయి. వెంట తెచ్చుకున్న పై ముక్కను గుడ్డ మీద పెట్టుకుని ఒక్కతే తింది. లీవై ఎవరో ఆవిడకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఆ కన్నం అలా నోరు తెరుచుకుని ఉండటం మాత్రం చూడలేకపోయింది. పది రోజుల్లోపల మళ్ళీ వెళ్ళి చుట్టూ నాలుగు దెబ్బలు వేసి వచ్చింది.

ఆ ఆదివారం ధర్మాసుపత్రిలో మంచం పక్కన కూర్చుని, గోడతో చెప్పినట్టు చెప్పింది. "మీ గుంతలో పలుగు ఉందండీ."

మంచం కిర్రుమంది. ముసలాయన ఒక్క ఉదుటున ఇటు తిరిగాడు. కళ్ళు వెలిగిపోతున్నాయి, కుర్రవాడి కళ్ళు.

"ఎవరు? లీవై వచ్చాడా?"

అల్మైరా ఆ కళ్ళలోకి చూసింది. ఔనంటే ఆ వెలుగు ఉంటుంది, ఎన్నాళ్ళో తెలియదు. ఆ ఆశ ఇంకా చావలేదని, పలుగుతో పాటు పైకి రాలేదని అప్పుడే తెలిసింది ఆవిడకు. ఈయనకు అబద్ధం చెప్పడానికి మాత్రం మనసొప్పలేదు.

"లేదండీ. నేనే పెట్టాను."

వెలుగు నెమ్మదిగా తగ్గింది. ఆయన మళ్ళీ గోడ వైపు తిరుగుతాడనుకుంది. తిరగలేదు. ఆవిడ మోచేతుల మీద గీతలు చూస్తూ ఉండిపోయాడు.

"నువ్వా?" అన్నాడు చివరికి. "తలకిందులుగా పెట్టుంటావ్."

"మొన కిందికే పెట్టాను."

"బళ్ళో పంతులమ్మకి పలుగెక్కడ తెలుసు! ఎంత లోతు దిగింది?"

"పాత కన్నం ఉందిగా. అక్కడికే."

"మరి దెబ్బ?"

"మొన్న వేసొచ్చాను. మళ్ళీ పది రోజుల్లోపల వెళ్తాను."

ముసలాయన తల ఊపాడు. "మడమలు తడవకుండా చూసుకో. వాన పడితే ఆ గుంత చెరువవుద్ది" అన్నాడు. అని కళ్ళు మూసుకున్నాడు. మూసిన రెప్పల కింద తడి ఉంది. లీవై కోసమో, ఇంకెందుకో ఆవిడ అడగలేదు.

గంట కొట్టారు. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా లేవాలి. అల్మైరా లేచి దుప్పటి సర్దింది, ఖాళీ పళ్ళెం గుడ్డలో చుట్టింది. సంచిలోంచి నాన్న కలం తీసి, మంచం పక్క బల్ల మీద ఉన్న నీళ్ళ గ్లాసులోని నీళ్ళు కిటికీలోంచి పారబోసి, ఆ ఖాళీ గ్లాసులో నిలబెట్టింది. ఆయన కళ్ళు తెరవలేదు.

వరస మంచాలు దాటి ద్వారం దాకా వచ్చింది. వెనకాల నుంచి కేక వినిపించింది, గది మొత్తం అటు తిరిగేంత గట్టిగా.

"పంతులమ్మా! కలం మరిచిపోయావ్!"

అల్మైరా ఆగింది గానీ వెనక్కి రాలేదు.

"మరిచిపోలేదండీ" అంది.

ముసలాయన మళ్ళీ పిలవలేదు.